ఖంగుమన్న పలకరాయి

అతను పలకరాయిని ఎడమ అరచేతి మీద నిలబెట్టి, సుత్తి పిడితో ఒక్కసారి తట్టాడు. ఖంగుమంది. పక్కనున్న ఇంకోదాన్ని తీసి తట్టాడు. డొప్పుమంది. చూడబోతే రెండూ ఒకటే, అదే నీలినలుపు, అదే మందం. రెండోదాన్ని మాత్రం చెత్త తట్టలో పారేశాడు. లోపల ఎక్కడో నెర్రె ఉందట. అందులోకి వాన చుక్క దిగి చలికి గడ్డ కడితే, నాలుగైదు శీతాకాలాలు తిరిగేసరికి రాయి చీలి వీధిలో పోయేవాడి నెత్తిన పడుతుందట. మా అమ్మమ్మ సంతలో కుండ కొనేటప్పుడు ఇలాగే వేలి ముడుకుతో తట్టి, చెవి ఒగ్గి వినేది. కంటికి దొరకని నెర్రె చెవికి దొరుకుతుందని ఆమె ఎక్కడ నేర్చుకుందో, ఈ జర్మను కుర్రాడూ అక్కడే నేర్చుకున్నట్టున్నాడు.

ఇది లైప్‌జిగ్. 2024 నవంబరు 7, డెంక్‌మాల్ ప్రదర్శన మొదటి రోజు. పాత గుడులు, కోటలు, ఇళ్ళు, కిటికీలు, బొమ్మలు, పటాలు బాగుచేసేవాళ్ళంతా రెండేళ్ళకోసారి ఇక్కడ కలుస్తారు. 1994లో మొదలైన ఈ కలయికకి ముప్పై ఏళ్ళు నిండాయి. మేస్త్రీకైనా వడ్రంగికైనా చెయ్యి బాగా తిరిగే వయసది. ఆ సందర్భానికే ఈ నాలుగు మాటలు.

పేరు సంగతి ముందు చెప్పాలి. జర్మను భాషలో డెంక్‌మాల్ అంటే స్మారకం, కాపాడుకోవలసిన కట్టడం. మాటని రెండుగా విరిస్తే ‘ఓసారి ఆలోచించు’ అన్న అర్థమూ వస్తుంది. ఆ భాషలో ప్రతి నామవాచకాన్నీ పెద్ద అక్షరంతో మొదలుపెట్టాలని బడిలో చెవి మెలేసి మరీ నేర్పుతారు. వీళ్ళు మాత్రం తమ పేరుని చిన్న అక్షరంతోనే రాసుకుంటారు. నాకది నచ్చింది. గుడి కట్టించిన రాజు పేరు శాసనంలో ఉంటుంది, ప్రారంభించిన మంత్రి పేరు పాలరాతి ఫలకం మీద ఉంటుంది. కారుతున్న కప్పుని ఎక్కి బాగుచేసినవాడి పేరు ఎక్కడా ఉండదు. అతని పండగ కూడా చిన్న అక్షరంతోనే మొదలవుతుంది.

లైప్‌జిగ్‌కి సంత కొత్త కాదు. 1165 ప్రాంతంలో మైసెన్ పాలకుడు ఒట్టో ఊరికి పట్టణ హోదానీ అంగడి హక్కునీ ఇచ్చాడు. 1497లో, తర్వాత చక్రవర్తి అయిన మాక్సిమిలియన్ దాన్ని సామ్రాజ్యపు సంత చేశాడు. 1507లో ఆ హక్కుని ఇంకా బిగించి, చుట్టుపక్కల ఊళ్ళు పోటీ సంతలు పెట్టకుండా కట్టడి చేశాడు. బళ్ళనిండా సరుకు తోలుకురావడం మాని నమూనాలు చూపించి బేరం కుదుర్చుకునే పద్ధతి 1895లో ఇక్కడే కుదురుకుంది. ఒకదాని మీద ఒకటి ఎక్కిన రెండు ‘ఎం’ అక్షరాల గుర్తు ఆ నమూనా సంతదే, ఇప్పటికీ అదే ముద్ర. ఇప్పటి ప్రదర్శనశాల 1996లో తెరిచింది. మధ్యలో దాదాపు 240 మీటర్ల పొడవున గాజు కమాను. పాతవాటికి పండగ చేసే సంత అంత కొత్త గాజు కింద జరగడం మొదట ఎబ్బెట్టుగా అనిపించింది. తర్వాత అనిపించలేదు. పైనుంచి పడే వెలుతురులో రాతి మీద ఉలి గాట్లు స్పష్టంగా కనిపిస్తాయి.

అయినా ఈ సంత 1994లోనే, ఈ ఊళ్ళోనే ఎందుకు పుట్టిందన్నది అసలు కథ.

తూర్పు జర్మనీ ఉన్న నలభై ఏళ్ళలో పాత ఇళ్ళని పట్టించుకున్నవాళ్ళు తక్కువ. అద్దెలు అతి తక్కువ చోట నిలిచిపోయాయి, ఆ డబ్బుతో కప్పు మార్చడం ఏ యజమానికీ సాధ్యం కాలేదు. ప్రభుత్వం దృష్టంతా ఊరి చివర లేపుతున్న కాంక్రీటు పలకల అపార్టుమెంట్ల మీద ఉండేది. 19వ శతాబ్దం చివర్లో కట్టిన నగిషీల మేడలు లైప్‌జిగ్‌లో వీధులకి వీధులు ఉన్నాయి. గోధుమరంగు బొగ్గు పొగకి అవి నల్లబడ్డాయి. కప్పు కారితే పై అంతస్తు ఖాళీ చేసి కింద అంతస్తుకి దిగారు, అదీ కారితే ఇంకా కిందికి. 1968 మే 30న విశ్వవిద్యాలయ చర్చిని ప్రభుత్వమే మందుగుండు పెట్టి పేల్చేసింది. యుద్ధం నుంచి బతికి బయటపడ్డ చర్చి అది. 1989 నవంబరు 6న తూర్పు జర్మనీ టెలివిజన్‌లో ఒక డాక్యుమెంటరీ వచ్చింది. లైప్‌జిగ్‌ని ఇంకా కాపాడుకోగలమా అన్న ప్రశ్నే దాని పేరు. మూడు రోజుల తర్వాత బెర్లిన్ గోడ తెరుచుకుంది. అంతకు ముందు అక్టోబరు 9న ఇదే ఊళ్ళోని నికొలాయి చర్చి దగ్గర్నుంచి దాదాపు డెబ్బై వేలమంది స్వేచ్ఛ కోరుతూ కొవ్వొత్తులతో నడిచిన సంగతి చాలామందికి తెలుసు. కూలుతున్న ఇళ్ళ మీద ఉక్రోషం కూడా ఆ నడకలో ఉందన్నది తక్కువమందికి తెలుసు.

దేశం ఒకటయ్యాక డబ్బు వచ్చింది. పని చేసేవాళ్ళు ఏరీ? సున్నపు పూతతో పూలు తీర్చేవాడు, కలప చట్రపు ఇంటిని విప్పి మళ్ళీ బిగించగలవాడు, ఊది చేసిన గాజుని కిటికీకి కోసిపెట్టేవాడు, వీళ్ళు తూర్పునా పడమరా ఎక్కడెక్కడో చెల్లాచెదురుగా మిగిలారు. పని ఉన్నవాడికి పనిమంతుడి అడ్రసు తెలియదు. పనిమంతుడికి పని ఎక్కడుందో తెలియదు. ఇద్దర్నీ ఒకచోట నిలబెట్టడానికి సంతని మించిన ఏర్పాటు లేదు, లైప్‌జిగ్‌ని మించి సంత నడపడం తెలిసిన ఊరు లేదు.

1994 వాళ్ళకి కలిసొచ్చిన ఏడు. దగ్గర్లోని క్వెడ్లిన్‌బుర్గ్ ఊరు ఆ ఏడే యునెస్కో జాబితాలో చేరింది. పదమూడు వందలకి పైగా కలప చట్రపు ఇళ్ళున్న ఊరది, అందులో చాలావాటిని ఒకప్పుడు కూల్చాలనుకున్నారు. డ్రెస్డెన్‌లో ఫ్రవున్‌కిర్షె చర్చి పునర్నిర్మాణానికి మొదటి రాయి పడిందీ ఆ ఏడే. 1945 ఫిబ్రవరి 13 రాత్రి బాంబులు పడ్డాక ఆ చర్చి రెండు రోజులు నిలబడింది. మంటల వేడికి లోపలి స్తంభాలు పిండిపిండి అయి, 15వ తేదీ పొద్దున గుమ్మటం కూలింది. నలభై ఏళ్ళకి పైగా అది ఊరి నడిమధ్యలో రాళ్ళగుట్టగానే ఉంది. తర్వాత ఒక్కొక్క రాయినీ తీసి, కొలిచి, నంబరు వేసి, గుట్టలో ఎక్కడ పడిందన్న లెక్కని బట్టి గోడలో ఎక్కడుండేదో తేల్చి, పనికొచ్చిన వేల రాళ్ళని తిరిగి వాటి చోట్లలోనే పేర్చారు. 2005 అక్టోబరు 30న తలుపులు తెరిచారు. దాదాపు 18 కోట్ల యూరోల ఖర్చులో సగానికి పైగా విరాళాలే. ఇప్పుడు గోడ చూస్తే లేత గోధుమరంగు కొత్త రాళ్ళ మధ్య అక్కడక్కడా నల్లరాళ్ళు, కోలుకున్న ఒంటి మీద మానిన గాయాల్లాగా. గుమ్మటం మీది బంగారు శిలువని చేసింది లండన్ కంసాలి ఆలన్ స్మిత్, వాళ్ళ నాన్న ఆ రాత్రి డ్రెస్డెన్ మీదికి వచ్చిన బ్రిటిష్ బాంబరు పైలట్లలో ఒకడు.

గర్లిట్స్ అనే సరిహద్దు ఊరి కథ ఇంకా విచిత్రం. 1995 నుంచి ఎవరో ఒక దాత ఏటా పది లక్షల మార్కులు ఆ ఊరి పాత ఇళ్ళ కోసం పంపడం మొదలుపెట్టారు. షరతు ఒక్కటే, తానెవరో బయటపడకూడదు. మార్కులు పోయి యూరోలు వచ్చినా సొమ్ము ఆగలేదు. 2016 దాకా వచ్చి ఆగిపోయింది. పేరు ఇప్పటికీ గుట్టే. చందా ఇవ్వకముందే ఫ్లెక్సీ కట్టించుకునే రోజుల్లో ఇది చదివి కాసేపు కుర్చీలో వెనక్కి వాలాను.

సంతలోకి తిరిగొద్దాం. పలకరాయి కుర్రాడి దగ్గర చాలాసేపు నిలబడ్డాను. అతని ముందు దుంగకి దిగ్గొట్టిన వంపు ఇనప పట్టీ ఉంది. రాయిని దాని అంచున ఆనించి, సుత్తి కాడ వైపు పదునుతో టకటకా కొడుతుంటే అంచు పొలుసులు పొలుసులుగా రాలి, చేప పొలుసు ఆకారం వచ్చేస్తోంది. గీత లేదు, కొలబద్ద లేదు. సుత్తికి రెండోవైపు ములుకు, దాంతో ఒక్క పోటు పొడిస్తే మేకుకి బెజ్జం. పాత జర్మను పద్ధతిలో ఏ రెండు పలకలూ ఒక కొలత ఉండవు. పెద్దవి చూరు దగ్గర, పైకి పోయేకొద్దీ చిన్నవి. గనిలోంచి వచ్చిన రాయిలో ముక్క వృథా పోకుండా ఎంతొస్తే అంత కోసి, దానికి తగ్గ చోట పెట్టడమే పద్ధతి. పొదుపులోంచి పుట్టిన అందం అది. ఫ్యాక్టరీ పలకలన్నీ ఒకే కొలత, కప్పు చదునుగా కాపీ పుస్తకంలా ఉంటుంది. ఈ కప్పు నీటి మీద చిన్న అలలా కదులుతుంది.

“మీ దేశంలో ఈ రాయి ఉందా?” అని అడిగాడు ఇంగ్లీషులో.

“ఉంది. మా వైపు మార్కాపురం అని ఊరుంది. కప్పులకి కాదు, పిల్లలు రాసుకోవడానికి. నేను దానిమీదే అక్షరాలు దిద్దుకున్నాను” అన్నాను.

అతను నవ్వాడు. వాళ్ళ తాతా పలక మీదే దిద్దుకున్నాడట.

ఇంకో వరసలో సున్నం అమ్మే ఆవిడ. ఈమె ముందు ఎక్కువసేపు నిలబడడానికి నాకు సొంత కారణం ఉంది, చెబుతాను. తొట్టె మీద ఏ ఏడాది తడిపిన సున్నమో చాక్‌పీసుతో రాసి ఉంది. మూత తీస్తే పైన వేలెడు నీళ్ళు, కింద మీగడలా తెల్లటి ముద్ద. చెయ్యి పెట్టబోతే వద్దంది, కాలుస్తుంది. తాపీతో కొంచెం తీసి ఇటుక మీద పూయమంది. వెన్నలా పారింది. సున్నపురాయిని 900 డిగ్రీల దగ్గర కాల్చి, నీళ్ళలో తడిపి, గుంటలో ఏళ్ళ తరబడి ఊరబెడతారు. ఊరేకొద్దీ నాణ్యం. గోడకి పూశాక అది గాలిలోని బొగ్గుపులుసు వాయువుని మెల్లగా పీల్చుకుని మళ్ళీ రాయవుతుంది. కాల్చినప్పుడు ఏది పోయిందో అదే తిరిగి చేరుతుందన్నమాట.

“మా మేస్త్రీలు ఇందులో కరక్కాయ నానబెట్టిన నీళ్ళూ బెల్లం నీళ్ళూ కలిపేవారు” అన్నాను.

ఆవిడ చేతిలో పని ఆపింది. ఏ కాయ, ఎంత బెల్లం, ఎన్నాళ్ళు నానబెట్టాలి, వరసగా అడిగింది. నాకు తెలిసింది రెండు మాటలే. తీపి వేస్తే బిగువు నెమ్మదిగా వస్తుంది, బీటలివ్వదు అని మా ఊరి మేస్త్రి తాత అనేవాడు. అదే చెప్పాను. కాగితం మీద రాసుకుంది. పరీక్షలో కాపీ కొట్టి పాసైనవాడిలా నిలబడ్డాను.

ఎందుకంటే ఆ తాత మాట నేను వినలేదు. కోనసీమలో మాది మండువా లోగిలి. ముత్తాత కట్టించింది. మందపాటి గోడలు, డంగుసున్నం పూత, అరచేత్తో రాస్తే కోడిగుడ్డు పెంకులా నున్నగా ఉండేది. 1996 తుపాను తర్వాత కింద మూడడుగుల మేర పెచ్చులూడాయి. గానుగ ఆడించి సున్నం చేయించాలంటే నెలలు పడుతుంది, సిమెంటయితే వారంలో ముగుస్తుంది. నాకు సెలవు వారమే ఉంది. తాత గోడకి చెయ్యి ఆనించి, “దీనికి ఊపిరాడదండి బాబుగారూ. నెమ్ము బయటికి పోవాలి కదండీ, పోకపోతే పైకెక్కుద్దండి. ఆయ్” అన్నాడు. నేను నవ్వి సిమెంటు బస్తాలకి డబ్బిచ్చాను.

ఎక్కింది. మట్టిలోంచి పీల్చుకున్న తడి సున్నపు గోడకైతే ఆవిరై బయటికి పోయేది. సిమెంటు అడ్డుపడేసరికి లోపలే పైపైకి పాకి, పూత అయిపోయిన చోట ఉప్పు పొడిలా పొంగింది. అక్కడితో ఆగలేదు. గోడలో కూర్చున్న టేకు దూలాల కొసలు పుచ్చిపోయాయి. పదేళ్ళు తిరక్కుండా మండువా కప్పు ఒక పక్కకి ఒరిగింది. కలపని తూకానికి అమ్మేశాం. సిమెంటు చెడ్డదని కాదు, కొత్త ఇంట్లో దాని పని అది చేస్తుంది. పాతింటి ఒంటికి అది సరిపడలేదంతే. ఆ చిన్న విషయం తెలిసిన ఒకే ఒక్క మనిషి మా ఊళ్ళో ఉంటే, నేనతని మీద నవ్వాను.

డెంక్‌మాల్ చేసిన మేలు సరిగ్గా ఇక్కడే ఉంది. మేస్త్రి తాత లాంటి మనిషిని అది నెల తిరిగేసరికి ఆర్డరు పుస్తకం నిండే వ్యాపారిగా నిలబెట్టింది. అతనికి వేదికెక్కించి సన్మానం చేసి శాలువా కప్పి ఇంటికి పంపేయలేదు. శాలువాల సంగతి మనకి బాగా తెలుసు. కప్పించుకున్న కళాకారుడు మర్నాడు దాన్ని మడతపెట్టి బీరువాలో పెట్టి, కొడుకుని మాత్రం ఆటో నడుపుకోమంటాడు. ఈ ప్రదర్శనలోనూ బంగారు పతకాలున్నాయి, మేటి పనికి ఇస్తారు. కానీ అక్కడ తిరుగుతుంటే చెవిన పడేవి ధరలు. చదరపు మీటరుకి ఎంత, సరఫరా ఎప్పటికి, పూచీ ఎన్నేళ్ళు. ఒకవైపు నించున్నది ఊరి చర్చి పెద్ద, ఇంకోవైపు గంటల గోపురానికి కలప బిగించేవాడు. బేరం తెగాక చెయ్యి కలుపుతారు. కళ బతకడానికి భక్తి కంటే బేరమే గట్టి ఆసరా అని నా నమ్మకం.

ఇక్కడో పుల్లవిరుపు మాట కూడా. ఏ వర్తక ప్రదర్శనలోనైనా ఉన్నట్టే ఇక్కడా రసాయనాల దుకాణాలూ, లేజరు స్కానర్లూ, కంప్యూటరు తెరలూ కళ్ళు జిగేల్‌మనిపిస్తాయి. వాటి ముందు కాఫీ ఉచితం. ఉలి పట్టుకున్నవాడికి మూల దొరుకుతుంది, కాఫీ తనే కొనుక్కుంటాడు. స్కానరు అక్కర్లేదని అనను. డ్రెస్డెన్ రాళ్ళగుట్ట చిక్కుముడి విప్పడానికి కంప్యూటరూ కావలసివచ్చింది. కానీ రాయి ఖంగుమందో డొప్పుమందో చెప్పేవాడికి ఇంకాస్త వెడల్పాటి బల్ల వేస్తే బాగుండేది.

గాజు, బంగారం దగ్గర కాసేపు ఆగక తప్పదు. పాత కిటికీలో చూస్తే వీధి కొంచెం వణుకుతున్నట్టు కనిపిస్తుంది చూశారా, ఆ గాజుని ఇప్పటికీ బవేరియాలోని వాల్డ్‌సాసెన్‌లో నోటితో ఊది చేస్తున్నారు. కరిగిన గాజుని గొట్టం చివర పెట్టి సొరకాయలా పొడుగ్గా ఊదుతారు, రెండు కొసలూ కోసేస్తారు, నిలువునా చీలుస్తారు, మళ్ళీ కొలిమిలో పెట్టి పుస్తకంలా విప్పి పరుస్తారు. ఒక్కో పలకలో ఊదినవాడి ఊపిరి బుడగలు రెండు మూడు మిగిలిపోతాయి. బంగారు రేకు చేయడానికి ష్వాబాక్ పేరుమోసిన ఊరు. మిల్లీమీటరులో పదివేలో వంతు మందం. చేత్తో ముట్టుకుంటే అంటుకుపోయి మాయమవుతుంది. అందుకని ఉడుత వెంట్రుకల కుంచెని ముందు తన చెంపకి రాసుకుంటాడు పనివాడు. ఒంటి జిడ్డు రవ్వంత అంటుతుంది, ఆ జిడ్డుకి రేకు లేస్తుంది. ఎర్రమన్ను పూసిన చెక్క మీద దాన్ని పరిచి, ఆరాక అకీకు రాయితో రుద్దుతాడు. అప్పుడు మెరుస్తుంది. చార్మినారు గల్లీల్లో వరఖు కొట్టేవాళ్ళ సుత్తి చప్పుడు వినివున్నవాళ్ళకి ఈ పని పరాయిదనిపించదు. ఇక్కడిది దేవదూత రెక్కలెక్కుతుంది, అక్కడిది మిఠాయి మీదికి.

రెండో రోజు మధ్యాహ్నం నల్ల కార్డురాయ్ బట్టల్లో ముగ్గురు కుర్రాళ్ళు కనిపించారు. బెల్‌బాటం పంట్లాములు, వెడల్పు టోపీలు, మెలితిరిగిన చేతికర్రలు. సంచార పనివాళ్ళు. పని నేర్చుకుని పరీక్ష పాసయ్యాక మూడేళ్ళ ఒక్కరోజు ఇల్లు విడిచి ఊళ్ళు తిరుగుతారు. సొంత ఊరికి 50 కిలోమీటర్ల లోపలికి రాకూడదు. పెళ్ళి ఉండకూడదు, అప్పు ఉండకూడదు. మొబైలు ఉండకూడదు. ఎవరింట పని దొరికితే వాళ్ళింట తిండి, పడక. వందల ఏళ్ళ ఆచారం. చూడ్డానికి ముచ్చటగా ఉంది, ఫోటో కూడా తీసుకున్నాను. తర్వాత మనవైపు రాతిపని కోసం పిల్లాజెల్లాతో ఊరూరా తిరిగే వడ్డెర కుటుంబాలు గుర్తొచ్చాయి. వాళ్ళ సంచారానికి మూడేళ్ళ గడువు లేదు. చివర్లో ఎవరూ పత్రం ఇవ్వరు. వాళ్ళ ఫోటో తీసేవాళ్ళూ తక్కువే.

నేర్చుకునేవాళ్ళ లెక్కలో జర్మనీకి కూడా దెబ్బలు తగిలాయి. 2004లో ప్రభుత్వం యాభైకి పైగా చేతిపనుల్లో దుకాణం తెరవాలంటే మాస్టరు పరీక్ష పాసై ఉండాలన్న నియమం ఎత్తేసింది. పోటీ పెరుగుతుందనుకున్నారు. పెరిగింది కూడా, కానీ పరీక్ష లేకపోయేసరికి శిష్యులకి నేర్పేవాళ్ళు తగ్గారు. 2020లో పన్నెండు పనులకి ఆ నియమం మళ్ళీ తెచ్చారు, అందులో టైల్సు పరిచేవాళ్ళూ పీపాలు చేసేవాళ్ళూ ఉన్నారు. ఇంకోవైపు 1999లో క్వెడ్లిన్‌బుర్గ్‌లో యువజన పనిశాలగా మొదలైన ఏర్పాటు ఇప్పుడు దేశమంతా ఉంది. బడి ముగించిన పిల్లలు ఒక ఏడాది పాతకట్టడాల పనిలో గడుపుతారు. ఆ ఏడాది తర్వాత అందరూ రాతిపనివాళ్ళు అవ్వరు. ఒకమ్మాయి నాతో అంది, తను డాక్టరు చదువుతోందట, కానీ ఏ ఊరు వెళ్ళినా ముందు కప్పులే చూస్తుందట.

స్ట్రాస్‌బుర్గ్, కొలోన్, ఉల్మ్, వియన్నా లాంటి పెద్ద చర్చిల పక్కన శతాబ్దాలుగా నడిచే పనిశాలలున్నాయి. చర్చి కట్టడం అయిపోయినా బాగుచేయడం అయిపోదు కాబట్టి పనిశాల మూతపడదు. ఐదు దేశాల్లోని పద్దెనిమిది పనిశాలల పరంపరని 2020లో యునెస్కో కాపాడుకోదగ్గ మంచి పద్ధతుల పట్టికలో చేర్చింది. ఆ పరంపర విలువ అంతకు ముందే పారిస్‌లో తెలిసింది. 2019 ఏప్రిల్ 15న నోట్రడాం కప్పు తగలబడినప్పుడు, ఆ కలపంతా మళ్ళీ గొడ్డలితో చెక్కగలవాళ్ళు దొరుకుతారా అని చాలామంది పెదవి విరిచారు. దొరికారు. గొడ్డళ్ళే సరైనవి దొరక్క, పాతకాలపు నమూనాలతో కమ్మరులు కొత్తవి కొట్టారు. లైప్‌జిగ్ సంత ముగిసి నెల తిరక్కుండా 2024 డిసెంబరు 7న నోట్రడాం తలుపులు తెరిచింది.

ప్రదర్శన మూడో రోజు నేను శాలలో లేను. రైలెక్కి అరగంట దూరంలోని హాలె వెళ్ళాను. తెలుగువాడు లైప్‌జిగ్ దాకా వచ్చి హాలె చూడకుండా పోతే ఎలా? మదరాసులో పనిచేసిన మిషనరీ బెంజమిన్ షుల్త్సె తిరిగొచ్చాక, 1746-47లో తెలుగు పుస్తకాలు అచ్చయింది ఆ ఊళ్ళోనే. మన లిపి సీసపు అచ్చులు తొలిసారి కాగితం మీద వాలింది గోదావరి ఒడ్డున కాదు, జాలె నది ఒడ్డున. ఆగస్ట్ హెర్మన్ ఫ్రాంకె 1698లో మొదలుపెట్టిన అనాథాశ్రమం, బడుల సముదాయం అక్కడే ఉంది. అందులో పొడవాటి ఆరంతస్తుల కలప చట్రపు ఇల్లొకటి, ఐరోపాలోని ఆ తరహా కట్టడాల్లో అతి పెద్దవాటిలో చేరుతుంది. తూర్పు జర్మనీ రోజుల్లో అదీ కూలడానికి సిద్ధంగా ఉండేది. 1990 తర్వాత బాగుచేశారు. లోపల ఒక స్తంభం దగ్గర ఆగాను. పుచ్చిన కింది భాగాన్ని మాత్రం కోసేసి, కొత్త ఓకు ముక్కని నాలుకలా చెక్కి పాతదాని పెదవుల్లో దూర్చి, చెక్క సీలతో బిగించారు. ఇనుము లేదు, జిగురు లేదు. కొత్త ముక్కకి రంగేసి పాతదానిలా నటింపజేయలేదు కూడా. అతుకు అతుకులాగే కనిపిస్తోంది. వేలితో తడిమి చూస్తే మాత్రం గోరు దిగలేదు.

శిథిలాన్ని శిథిలంగానే నిలబెట్టాలా, మళ్ళీ కట్టాలా అని జర్మనులు నూరేళ్ళకి పైగా కొట్లాడుకుంటున్నారు. హైడల్‌బెర్గ్ కోట విషయంలో కళాచరిత్రకారుడు గియోర్గ్ డేహియో కట్టొద్దు కాపాడమన్నాడు, ఆ శిథిలం చాలామటుకు ఇప్పటికీ అలాగే ఉంది. డ్రెస్డెన్‌లో మళ్ళీ కట్టారు. నన్నడిగితే రెండూ ఒప్పే, ఊరి జనం ఏది చూసి నిద్రపోగలరన్నదాన్ని బట్టి. స్తంభానికి మాత్రం ఈ తగువు పట్టదు. దానికి కావలసింది పుచ్చు దాకానే కోసి ఆపగలిగే చెయ్యి.

అలాంటి చేతులు మనకీ ఉన్నాయి. గోల్కొండ దగ్గర కుతుబ్‌షాహీ సమాధుల మీద వెనకటి మరమ్మతుల్లో మెత్తిన సిమెంటుని తీసేసి, సున్నంతో మళ్ళీ పని చేసింది హైదరాబాదు మేస్త్రీలే. 2013 వానలకి కూలిన అక్కడి బడీ బావిని తిరిగి నిలబెట్టారు. 2022లో గోల్కొండ మెట్ల బావులకి యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం వచ్చింది, అదే ఏడు దోమకొండ కోటకీ వచ్చింది. శ్రీశైలం జలాశయం ముంపు నుంచి కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురం తెచ్చి నిలబెట్టిందీ మనవాళ్ళే. వీళ్ళంతా ఒకచోట బల్లలేసుకుని కూర్చునే సంత మాత్రం నేనింకా చూడలేదు.

ముప్పై ఏళ్ళ డెంక్‌మాల్‌కి, అందులో బల్ల వెనక నిలబడ్డ ప్రతి చేతికీ అభినందనలు. సున్నం ఆవిడకి ప్రత్యేకంగా. కరక్కాయలు పంపిస్తానని మాటిచ్చాను, పార్సిల్ కట్టించి పెట్టాను కూడా.

బయల్దేరే ముందు పలకరాయి కుర్రాడు ఒక తునక తీసి, గుండె ఆకారంలో టకటకా కోసి, పైన బెజ్జం పొడిచి ఇచ్చాడు. తట్టి మరీ ఇచ్చాడు, ఖంగుమంది. హైదరాబాదు విమానాశ్రయంలో సంచీ తెరిపించి ఇదేంటని అడిగారు. పలక అన్నాను. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “బలపమేదండీ?” అన్నాడు.